తక్కువ ఊళ్లు, ఎక్కువ రోజులు

ఎండాకాలం సెలవులకి ఎక్కడికైనా వెళ్లొచ్చిన వాళ్లని ట్రిప్పు ఎలా జరిగిందని అడిగి చూడండి, చాలామంది "బాగానే జరిగింది గానీ బాగా అలిసిపోయాం" అంటారు, ఆ వెంటనే "ఖర్చు మాత్రం అనుకున్నదానికంటే చాలా అయింది" అంటారు. ఈ రెండు మాటలూ ఎప్పుడూ జంటగానే ఎందుకొస్తాయా అని నేను చాలాకాలంగా చూస్తున్నాను, నాకైతే రెండింటికీ కారణం ఒకటే అనిపిస్తోంది. ఉన్న కాసిని రోజుల్లో మరీ ఎక్కువ ఊళ్లు పెట్టుకోవడం.

ఏడు రోజుల్లో ఐదు ఊళ్లు, ఆరు రోజుల్లో నాలుగు ఊళ్లు, "ఎలాగూ దారిలోనే కదా, అది కూడా కవర్ చేసేద్దాం". ప్లాన్లన్నీ ఇలాగే ఉంటున్నాయి. టూర్లు అమ్మేవాళ్లు కూడా అలాగే అమ్ముతారు, ఎన్ని పేర్లుంటే అంత విలువైన ప్యాకేజీ అన్నట్టు. కాయితం మీద చూస్తే నిండుగా ఉంటుంది నిజమే. నేను చెప్పేది మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. డబ్బు ఆచితూచి పెట్టాల్సిన వాళ్లు, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నవాళ్లు, వెళ్లినందుకు నిజంగా కాస్త తేలికపడి రావాలనుకునేవాళ్లు ఒక్క చోటు ఎంచుకుని అక్కడే ఉండిపోండి. మరీ తప్పదంటే రెండు. అంతకుమించి వద్దు.

ముందు డబ్బు లెక్కే చూద్దాం, ఎందుకంటే అక్కడే అసలు విషయం తేలిపోతుంది. ఏ ట్రిప్పుకైనా ఖర్చు రెండు రకాలు, వెళ్లి రావడానికి అయ్యేది, అక్కడ ఉన్నన్నాళ్లూ రోజుకింత అని అయ్యేది. రానూపోనూ ఖర్చు 60 అనుకోండి, ఉండడానికీ తినడానికీ రోజుకి 10 అనుకోండి, ఏ కరెన్సీ అయినా పర్లేదు. మూడు రోజులుంటే మొత్తం 90, అంటే రోజుకి 30 పడింది. ఆరు రోజులుంటే 120, రోజుకి 20. పది రోజులుంటే 160, రోజుకి 16. ఉన్నకొద్దీ ఒక్కో రోజు చవకవుతూ పోతుంది, ఎందుకంటే ఆ 60 ఒక్కసారే పెట్టారు. ఇప్పుడు అదే ఆరు రోజుల్లో ఊరు మూడుసార్లు మారారనుకోండి, మారినప్పుడల్లా బండికి ఇంకో 10 చొప్పున 30 కలిసింది, 120 కాస్తా 150 అయింది. సరిగ్గా అంతే డబ్బుకి ఒకేచోట తొమ్మిది రోజులు ఉండి రావచ్చు. ఈ లెక్క చెయ్యడానికి రెండు నిమిషాలు పట్టదు, అయినా ప్లాన్ వేసేటప్పుడు ఎవరూ చెయ్యరు, హోటల్ రేటు దగ్గర మాత్రం గంటలు గంటలు బేరం చూస్తారు.

పైగా ఇది కాయితం మీద కనపడే ఖర్చు మాత్రమే. కనపడనిది ఇంకోటుంది, ఊరు మారే రోజు పొద్దున్న ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రాత్రి ఆలస్యంగా పడుకున్న పిల్లల్ని లేపాలి, తడి ఆరని బట్టలు కవర్లో కుక్కాలి, మంచం వెనకాల ప్లగ్గులో చార్జర్ ఉండిపోయిందేమో వంగి చూడాలి, పెద్దవాళ్ల మందుల సంచి పైకే ఉండేట్టు సర్దాలి, నిన్న పట్టిన పెట్టెలో ఇవాళ అవే సామాన్లు పట్టవు. పదకొండింటికల్లా గది ఖాళీ చెయ్యమంటారు. అవతలి ఊళ్లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో. ఆ మధ్య గంటల్లో కుటుంబం మొత్తం సామాను చుట్టూ కాపలా కూర్చుంటుంది, ఒకళ్లు మంచినీళ్లకి, ఒకళ్లు బండి మాట్లాడ్డానికి, చిన్నవాడు బాత్రూమ్ అంటాడు, ఎండ నెత్తిమీదకొస్తుంది. అప్పుడేం చేస్తారు, ఏసీ ఉన్న చోటు ఏది కనిపిస్తే అందులోకి వెళ్లి కూర్చుంటారు, కూర్చున్నందుకు ఏదో ఒకటి ఆర్డర్ ఇస్తారు, బండివాడు ఎంతంటే అంతకి ఒప్పుకుంటారు. ఈ ఖర్చు ఏ బడ్జెట్‌లోనూ ఎవరూ రాసుకోరు. కానీ ట్రిప్పు అయ్యాక "డబ్బంతా ఎటు పోయిందో" అంటాం చూశారా, అది పోయింది ఇటే.

ఒక్కచోట ఉంటే ఇంకో సుఖం, వంటగది ఉన్న ఇల్లు తీసుకోవచ్చు. ఒక్క రాత్రికి అలాంటి ఇల్లు తీసుకుంటే క్లీనింగ్ చార్జీ మొత్తం ఆ రాత్రి మీదే పడి హోటల్ కంటే ఖరీదవుతుంది, అదే వారం తీసుకుంటే ఆ చార్జీ ఏడు రాత్రుల మీద పరుచుకుంటుంది, పైగా వారం ఉండేవాళ్లకి చాలామంది ఓనర్లు రేటు తగ్గిస్తారు కూడా. మూడు పూటలా వండమని కాదు, సెలవుల్లో కూడా ఇంట్లో ఆడవాళ్లే పొయ్యి దగ్గర నిలబడితే అది వాళ్లకి సెలవే కాదు, ఈ మాట గట్టిగా చెప్తున్నాను. పొద్దుటి టిఫిన్, పిల్లల పాలు, రాత్రి ఏదైనా తేలిగ్గా, అది కూడా వంతులు వేసుకుని. మధ్యాహ్నం బయట తినండి. రోజుకి ఒక్క పూటే బయట తింటే ఆ ఒక్క పూటా మంచిచోటే తినొచ్చు. వాషింగ్ మెషిన్ ఉంటే ఇంకా మేలు, సగం బట్టలతో వెళ్లొచ్చు, విమానంలో అయితే ఎక్స్‌ట్రా లగేజీ చార్జీ కూడా తప్పుతుంది.

మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే జరిగింది. మా ఆయనది ఒకటే వాదన, "అంత దూరం డబ్బులు పెట్టి వెళ్లి ఒక్క ఊరే చూసి వస్తామా, మళ్లీ ఎప్పుడు వెళ్తామో ఏమో". ఇది కొట్టిపారేసే మాట కాదు, చాలామంది మనసులో ఉండేదే. దీని గురించి 1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రశ్న వేసి చూశారు, అది కూడా సెలవుల ట్రిప్పు గురించే. మీరు ఒక స్కీయింగ్ ట్రిప్పుకి 100 డాలర్ల టికెట్ కొన్నారు, తర్వాత ఇంకో చోటుకి 50 డాలర్లకి కొన్నారు, ఆ 50 డాలర్లదే మీకు ఎక్కువ సరదాగా ఉంటుందని అనుకుంటున్నారు, తీరా చూస్తే రెండూ ఒకే వారాంతం, టికెట్లు వాపసు తీసుకోరు, మరి దేనికి వెళ్తారు అని. సగం కంటే ఎక్కువమంది 100 డాలర్లదానికే వెళ్తాం అన్నారు. సరదా తక్కువని తెలిసి కూడా, ఎక్కువ డబ్బు పెట్టాం కాబట్టి. ఊళ్లు కవర్ చేసేటప్పుడు మనం చేసేది అచ్చంగా ఇదే. టికెట్ డబ్బు ఎలాగూ పోయింది, ఐదు ఊళ్లు తిరిగినంత మాత్రాన అందులో ఒక్క పైసా వెనక్కి రాదు. ఇప్పుడు మన చేతిలో ఉన్నదల్లా ఆ ఆరేడు రోజులే, అవి ఎలా గడిస్తే బాగుంటుందన్నదే అసలు ప్రశ్న.

అవి ఎలా గడిస్తే బాగుంటుందో కూడా కొంతమంది ఓపిగ్గా కొలిచి చూశారు. నెదర్లాండ్స్‌లో యెరూన్ నావైన్ అనే పరిశోధకుడి బృందం 2010లో ప్రచురించిన స్టడీలో 1530 మందిని పరిశీలించారు, అందులో 974 మంది సెలవులకి వెళ్లొచ్చినవాళ్లు. వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్లకంటే ముందు నుంచే సంతోషంగా ఉన్నారట, ఎదురుచూడడంలోనే ఆనందం అన్నమాట. కానీ తిరిగొచ్చాక చూస్తే వెళ్లినవాళ్లకీ వెళ్లనివాళ్లకీ పెద్ద తేడా కనిపించలేదు, ఒక్క రకం మనుషుల్లో తప్ప. "చాలా రిలాక్స్‌డ్‌గా గడిచింది" అన్నవాళ్లలో మాత్రమే వచ్చాక కూడా కొన్నాళ్లు ఆ సంతోషం నిలిచింది. "బాగానే రిలాక్స్ అయ్యాం" అన్నవాళ్లకి కూడా నిలవలేదు చూడండి. అంటే కాస్త హడావుడి కలిసినా చాలు, వచ్చిన వెంటనే అంతా ఆవిరైపోతోంది. ఇంత ఖర్చు పెట్టి వెళ్లేది దానికోసమా?

ఇంకో పరిశోధకురాలు యెసికా డి బ్లూమ్, ఆమె తోటివాళ్లు 2013లో ప్రచురించిన స్టడీలో రెండు వారాలకి మించి సెలవు తీసుకున్న ఉద్యోగుల్ని సెలవుల్లో ఉండగానే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతూ వచ్చారు. వాళ్ల ఆరోగ్యం, మనసు రెండూ బాగా తేలికపడింది దాదాపు ఎనిమిదో రోజుకి. మనకి అన్ని రోజులు కుదరకపోవచ్చు, కానీ ఇందులో తెలుసుకోవాల్సింది ఉంది, మనిషి ఒళ్లూ మనసూ కుదుటపడడానికి కొన్ని రోజులు పడుతుంది. రెండో రోజే ఊరు మారిస్తే అది మొదలవ్వకుండానే మళ్లీ మొదటికొస్తుంది.

నేను చూసినంతలో ఒకచోట ఉన్నప్పుడు మూడో రోజు నుంచే ఒక మార్పు వస్తుంది. మొదటి రోజు దారి వెతుక్కుంటాం, రెండో రోజు ఫలానా చూడాలి అని తిరుగుతాం, మూడో రోజు పొద్దున్న పిల్లలు మనల్ని అడక్కుండానే చెప్పులేసుకుని నీళ్ల వైపు నడుస్తారు, ఏ రాయి మీద జారుతుందో, ఏ మూల లోతు లేదో వాళ్లకి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. పక్కింటి కుక్క వాళ్లని చూసి అరవడం మానేసి తోక ఊపుతుంది. మా పాప అయితే చీమల పుట్ట ఒకటి చూసిపెట్టుకుని రోజూ పొద్దున్న దాని దగ్గరికి వెళ్లి ఎంత పెరిగిందో కొలిచేది, పుల్లతో. ఆ పుల్ల మీద గోటితో గీతలు. ఎంట్రీ టికెట్ లేదు, క్యూ లేదు, ఆ వారమంతా పాపకి అంతకంటే ముఖ్యమైన పని లేదు.

సరే, మరి ఎక్కడికి వెళ్లాలి? ఇక్కడ కూడా పేరున్న చోటుకి కాకుండా అవసరం తీరే చోటుకి వెళ్లండంటాను. ఎండ తప్పించుకోవడమే పని అయితే ఎత్తు చూసుకోండి. ప్రతి 1000 మీటర్లు పైకి వెళ్తే వేడి సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది, మైదానంలో 40 ఉన్నప్పుడు 1500 మీటర్ల మీద దాదాపు 30 ఉంటుంది. ఇది ఏ కొండకైనా దాదాపు ఒకటే, దాని పేరు ఎంతమందికి తెలుసు అన్నదానితో సంబంధం లేదు. కాబట్టి పేరుమోసిన హిల్ స్టేషన్ పక్కనే అంతే ఎత్తులో ఉన్న చిన్న ఊరు ఏదైనా ఉందేమో మ్యాప్‌లో వెతకండి, చల్లదనం అదే, మామూలుగా గది రేటు తక్కువ, రోడ్డు మీద జనం ఇంకా తక్కువ. గంటల తరబడి విమానాలు మారి వెళ్లేకంటే ఇంటి నుంచి నాలుగైదు గంటల ప్రయాణంలో ఏముందో ముందు చూడండి, దూరం తగ్గితే మొదట వేసిన డబ్బు లెక్కలో రానూపోనూ 60 కాస్తా 20 అవుతుంది, మిగిలిందంతా ఇంకో నాలుగు రోజులు.

విమానమే ఎక్కాలంటే టికెట్ ధర ఎందుకలా పూటకోలా ఉంటుందో తెలిస్తే కొంత భయం పోతుంది. అమెరికాలో 1978లో విమాన చార్జీల మీద ప్రభుత్వ కంట్రోల్ ఎత్తేశాక కంపెనీల మధ్య పోటీ పెరిగింది, 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ముందుగా కొనేవాళ్లకి కొన్ని సీట్లు బాగా చవగ్గా, మిగతావి ఆఖర్న తప్పనిసరై కొనేవాళ్లకి ఎక్కువకి అమ్మే పద్ధతిని పెద్ద ఎత్తున దించింది, ఇప్పుడు అందరూ చేసేది దానికి కొనసాగింపే. ఒకే విమానంలో ఒకే రకం సీటుకి చాలా రేట్లుంటాయి, ఒక్కో రేటుకి ఇన్ని సీట్లని ఉంటాయి, చవకవి అయిపోతే పై రేటుకి వెళ్తుంది. అందుకే నలుగురికి కలిపి వెతికినప్పుడు చవక సీట్లు మూడే మిగిలుంటే చాలాసార్లు నలుగురికీ పై రేటే చూపిస్తుంది. ముందు ఒక్కళ్లకి వెతికి చూడండి, తేడా ఉంటే ముగ్గురికి విడిగా, ఒకళ్లకి విడిగా కొనండి. ఇంకా అర్ధరాత్రి కొంటే తగ్గుతుంది లాంటి చిట్కాల వెనక పడొద్దు, తేదీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరపగలిగితే దానికంటే పెద్ద చిట్కా లేదు. శని ఆదివారాలు వదిలేసి వారం మధ్యలో బయల్దేరి వారం మధ్యలో రండి, కుదిరితే బడి సెలవులు ఇచ్చిన మొదటి వారం వదిలెయ్యండి.

ఉండడానికి కూడా హోటల్ ఒక్కటే దారి కాదు. ఒక విషయం నాకు చాలా నచ్చుతుంది, చవగ్గా సెలవులు గడిపే పద్ధతుల్లో రెండు మంచివి టీచర్లు మొదలుపెట్టినవే. జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు 1909లో పిల్లల్ని తీసుకుని కాలినడకన వెళ్తుంటే గాలివాన పట్టుకుంది, ఆ రాత్రి ఒక బడిలో గడ్డి పరుచుకుని పడుకున్నారు. సెలవుల్లో బళ్లన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, పిల్లలకి బసగా ఇవ్వొచ్చు కదా అని ఆయనకి తట్టింది, 1912కల్లా ఆల్టెనా కోటలో యూత్ హాస్టల్ తెరిచారు. ఇప్పుడు హాస్టళ్లు కుర్రాళ్లకే అనుకుంటారు గానీ చాలావాటిలో ఫ్యామిలీ రూములుంటాయి. రెండోది ఇళ్లు మార్చుకోవడం, 1953లో యూరప్‌లో కొంతమంది టీచర్లు ఇంటర్‌వాక్ అని పెట్టుకున్నారు, మీ ఇంట్లో మేము, మా ఇంట్లో మీరు. పొడుగు సెలవులుండి చిన్న జీతాలున్నవాళ్లకి తట్టిన ఆలోచన. తెలియనివాళ్లతో ఇష్టం లేకపోతే చుట్టాలూ స్నేహితులతోనే చెయ్యొచ్చు, మీ చెల్లెలు వాళ్లు మీ ఇంటికి, మీరు వాళ్లింటికి, ఇద్దరికీ బస ఖర్చు లేదు, రెండిళ్లలోనూ మొక్కలకి నీళ్లు పడతాయి.

డబ్బు ఎలా కట్టాలన్నది కూడా సరదాలో భాగమే. డ్రేజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టీన్ అని ఇద్దరు పరిశోధకులు 1998లో ఒక పేపర్ రాశారు, అందులో 1200 డాలర్ల వెకేషన్‌కి నెలకి 200 చొప్పున ఆరు నెలలు ముందే కడతారా, తిరిగొచ్చాక కడతారా అని అడిగారు. ఎక్కువమంది ముందే కడతామన్నారు. అదే వాషింగ్ మెషిన్ లాంటి వస్తువుకైతే తర్వాత కడతామన్నారు. మనసుకి తెలుసు, అయిపోయిన సరదాకి అప్పు కట్టడం ఎంత చేదుగా ఉంటుందో. క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద సెలవులకి వెళ్లొద్దని నేను అందరికీ చెప్తాను, వడ్డీ ఒక్కటే కాదు, మేఘాలు కమ్మే కాలం వచ్చాక కూడా ఆ ఎండాకాలం బిల్లు నెలనెలా తలుపు కొడుతుంది. ఒక చిన్న అకౌంట్ విడిగా పెట్టుకుని నెలనెలా అందులో వేస్తూ పొండి, అందులో ఎంతుంటే అంత ట్రిప్పు. అందులోంచి పది శాతం ముట్టుకోకుండా ఉంచండి, పిల్లలకి జ్వరం రావొచ్చు, బండి ఆగిపోవచ్చు. మిగిలినదాంట్లో ప్రయాణం, బస ముందే కట్టేస్తే అక్కడికి వెళ్లాక ప్రతిదానికీ పర్సు తీసి లెక్కపెట్టుకునే బాధ ఉండదు.

ప్లాన్ వేసేటప్పుడు ఇంట్లో అందర్నీ అడగండి, కానీ "ఎక్కడికెళ్దాం" అని అడగొద్దు. అలా అడిగితే తలా ఒక ఊరు చెప్తారు, ఎవర్నీ నొప్పించలేక అన్నీ కలుపుతాం, మళ్లీ ఐదు ఊళ్లవుతాయి. "అక్కడ నీకు ఏం ఒక్కటి ఉంటే చాలు" అని అడగండి. మా అత్తయ్యని అలా అడిగితే, "నాకు చూడాల్సినవేం లేవమ్మాయ్, మెట్లు లేని ఇల్లు, సాయంత్రం కూర్చోడానికి ఒక కుర్చీ, ఎదురుగా ఏదో పచ్చగా ఉంటే చాలు" అన్నారు. పిల్లలిద్దరూ నీళ్లు అన్నారు. మా ఆయన పొద్దున్నే ఒక్కడినే నడవడానికి దారి అన్నారు. నాకు పగలు నిద్రపోయే వీలు కావాలి, ఎవరూ లేపకుండా. ఈ నాలుగింటికీ ఊళ్ల పేర్లతో పనే లేదు చూడండి, ఏ చెరువు గట్టు మీద ఇల్లయినా సరిపోతుంది, అదీ పెద్ద ఖర్చేం కాదు. ప్యాకేజీలో అయితే పెద్దావిడని రోజుకి మూడు చోట్ల మెట్లెక్కించేవాళ్లం.

ఆఖరి రోజు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అందరూ అక్కడే డబ్బు మిగులుద్దాం అనుకుంటారు. డేనియల్ కానమన్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు 1993లో ఒక ప్రయోగం చేశారు. 14 డిగ్రీల చన్నీళ్లలో ఒక నిమిషం చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషం, దానిమీద ఇంకో 30 సెకన్లు, ఆ 30 సెకన్లలో నీళ్లని మెల్లగా 15 డిగ్రీలకి తెచ్చారు. మళ్లీ ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే అన్నారు, బాధ ఎక్కువసేపు పడ్డా సరే, ముగింపు కాస్త నయంగా ఉంది కాబట్టి. మనసు మొత్తం సమయాన్ని కొలవదు, బాగా గట్టిగా తగిలిన క్షణాన్నీ చివరినీ పట్టుకుంటుంది. మరి మన ట్రిప్పుల చివర ఎలా ఉంటుంది, అన్నిటికంటే చవక అని తెల్లవారుజామున మూడింటి బండి, పిల్లల ఏడుపు, ఇంటికొచ్చేసరికి ఖాళీ ఫ్రిజ్జు, మర్నాడే ఆఫీసు. రావడానికి కాస్త మంచి టైములో ఉన్న టికెట్ కొనండి, వెళ్లేటప్పుడు కష్టపడినా పర్లేదు, అప్పుడు ఉత్సాహం ఉంటుంది. ఎక్కువ ఖర్చు పెట్టే పని ఏదైనా ఉంటే, పడవ షికారో ఇంకోటో, మొదటిరోజే చేసెయ్యకుండా చివరికి ముందు రోజుకి పెట్టుకోండి. ఆఫీసుకి ఒక రోజు ముందే ఇంటికి రండి.

ఇవన్నీ వారం పది రోజుల సెలవున్నవాళ్లకి, మాకు దొరికేదే నాలుగు రోజులు అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు తెలుసు. వాళ్లకైతే ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. నాలుగు రోజుల్లో రెండు రోజులు ప్రయాణానికే పోయే చోటుకి వెళ్లొద్దు. రెండు మూడు గంటల దూరంలో, ఒక్క బండిలో, మధ్యలో మారక్కర్లేని చోటు చూసుకోండి, మొదటి రోజు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి సామాను దించేసి ఉంటారు. గది ఇచ్చే టైము ముందే ఫోన్ చేసి కనుక్కోండి, కాస్త ముందుగా ఇస్తారేమో అడగండి, ఖాళీ ఉంటే చాలామంది ఇచ్చేస్తారు. పెట్టె ఒక్కసారే విప్పండి, బట్టలు అల్మరాలో పెట్టేసి ఖాళీ పెట్టెని మంచం కిందకి తోసెయ్యండి.